పోపు లేని పచ్చిపులుసు

కుక్కర్ రెండో విజిల్ వేసి మూడోది వేయకుండానే ఆగిపోయింది, చూస్తే గ్యాస్ ఖతం. హాల్లో నలుగురు ఫ్రెండ్స్, ఒంటిగంట దాటింది, ఆకలి అని అప్పటికే రెండుసార్లు కిచెన్‌లోకి తొంగిచూసిన్రు.

అదృష్టం ఏందంటే అన్నం కరెంట్ కుక్కర్‌లో అయిపోయింది. పప్పు కూడా మెత్తగానే ఉంది, ఉప్పు పసుపు వేసి మెదిపితే ముద్దపప్పు రెడీ. మరి పులుసు?

అమ్మకి ఫోన్ చేస్తే నవ్వింది. "పోపు లేకుంటే ఏమైతది బిడ్డా, పచ్చిపులుసే కదా, ఉల్లిగడ్డ గట్టిగ పిసుకు."

నిమ్మకాయంత చింతపండు నానబెట్టి, రెండు ఉల్లిగడ్డలు, నాలుగు పచ్చిమిరపకాయలు ఉప్పేసి చేత్తో పిసికిన. మిరపకాయలు మంట మీద కాల్చుకుంటే ఆ రుచే వేరు, కానీ మంట ఏది! చిన్న బెల్లం ముక్క, కొత్తిమీర, డబ్బా అడుగున మిగిలిన నువ్వులపొడి. చెయ్యి ఇంకా మండుతనే ఉంది, పొరపాటున కన్ను కూడా నలుపుకున్న.

గుంటూరు ఫ్రెండ్ అయితే "చారు మరిగించలేదా?" అని అనుమానంగా చూసిండు. వేడి అన్నం, ముద్దపప్పు, పైన నెయ్యి, మీద చల్లటి పులుసు... తర్వాత మాట లేదు. చివరికి గిన్నెలో మిగిలింది గ్లాసులో పోసుకుని తాగింది వాడే.

మొత్తం ఖర్చు లెక్కేస్తే, వాళ్లు వస్తూ తెచ్చిన కూల్‌డ్రింక్ బాటిలే ఎక్కువ. అది ఇంకా మూత తీయకుండా ఫ్రిజ్‌లోనే ఉంది.