కాయిల్ కూత

నేను ఉండేది జర్మనీలోని జోలింగెన్‌లో, పని పక్కనే రెమ్‌షైడ్‌లో. రెండు ఊళ్ల మధ్య లోయ. 1897లో కట్టిన ముంగ్‌స్టెన్ ఇనుప వంతెన మీదుగా, 107 మీటర్ల ఎత్తున, మా రైలు రోజూ దాన్ని దాటుతుంది. రెమ్‌షైడ్ అంటే తరతరాలుగా ఆకురాళ్లకు, రంపాలకు పేరుపడ్డ ఊరు. ఉక్కు గురించి అక్కడ నోరు దగ్గర పెట్టుకుని మాట్లాడాలని మొదటి నెలలోనే తెలిసొచ్చింది.

జీడిమెట్లలో ఆరేళ్లు ఇండక్షన్ ఫర్నేస్‌ల మెయింటెనెన్స్ చూసి వచ్చాను. ఇక్కడ పని ఇండక్షన్ హార్డెనింగ్. షాఫ్ట్ (యంత్రాల్లో తిరిగే ఉక్కు కడ్డీ) పైపొరను సెకన్లలో ఎర్రగా కాల్చి, వెంటనే నీళ్లు కొట్టి గట్టిపరచడం. మంట ఉండదు. షాఫ్ట్ చుట్టూ ఉండే రాగి కాయిల్‌లో పారే ఏసీ కరెంటు వల్ల ఉక్కులోనే కరెంటు పుట్టి, అదే వేడెక్కుతుంది.

చిక్కంతా 770 డిగ్రీల దగ్గర. అక్కడ ఉక్కు అయస్కాంత గుణం పోతుంది. మేం వాడే 4 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు నాలుగు వేల సైకిళ్లు, చల్లగా ఉన్నప్పుడు మిల్లీమీటరు లోపే పారిన కరెంటు దాదాపు 8 మిల్లీమీటర్ల లోతుకు దిగుతుంది. కాయిల్ ఇండక్టెన్స్, అంటే కరెంటు మార్పుకి అది అడ్డుపడే గుణం, పడిపోతుంది. దాంతో రెజోనెన్స్, అంటే ఆ సర్క్యూట్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ, పైకి జరుగుతుంది. కాయిల్‌కి కరెంటు ఇచ్చే మా ఇన్వర్టర్ ఎప్పుడూ రెజోనెన్స్‌కి కాస్త పైనే స్విచ్ చేయాలి. కిందికి జారిందా, అందులో స్విచ్‌లుగా పనిచేసే ఐజీబీటీలకు మూడినట్టే. ఇన్వర్టర్‌ని నడిపే పాత పీఐ కంట్రోలర్ తేడా వచ్చాకే దిద్దుకుంటుంది. అందుకే భయపడి బాగా పైన నడిపేవాళ్లు, కావాల్సిన పవర్ అందేది కాదు.

నాకు అప్పగించింది ప్రెడిక్టివ్ కంట్రోల్. ఒక్కో సైకిల్‌కి, అంటే 250 మైక్రోసెకన్లకోసారి, కరెంటు, వోల్టేజీ కొలవాలి. ఏ ఫ్రీక్వెన్సీ ఇస్తే వచ్చే కొన్ని సైకిళ్లలో ఏమవుతుందో మోడల్‌తో లెక్కేసి, మేలైనదాన్ని ఎంచుకోవాలి. అమలు చేసేది మాత్రం మొదటి అడుగే. ఆ తర్వాత మళ్లీ కొలత, మళ్లీ లెక్క. రాత్రిపూట పొలం గట్టు మీద టార్చి వేసుకుని నడిచినట్టు: చూసేది నాలుగడుగుల దూరం, వేసేది ఒక్క అడుగు.

మొదటి ట్రయల్‌లోనే ఐజీబీటీ మాడ్యూల్ పేలింది. టపాకాయ లాంటి మోత, ప్లాస్టిక్ కాలిన వాసన. ఇండక్టెన్స్ మార్పు కోసం నేను పెట్టిన పట్టిక సన్న షాఫ్ట్‌ది, కాయిల్‌లో ఉన్నది లావుది. ఆ రాత్రి అన్నం సహించలేదు. వీసా ఉద్యోగంతో ముడిపడి ఉన్నవాడికి ఆ టెన్షన్ వేరు.

మర్నాడు మా లైన్ ఆపరేటర్ నన్ను పిలిచాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. అప్పటిదాకా నన్ను ‘జీ’ అనేవాడు, మన ‘మీరు’ లాంటిదే. హైదరాబాద్ నుంచి వచ్చినవాడికి ఆ మాట చెవికి ఇంపుగానే ఉంటుంది. పాత కంట్రోలర్‌తో ఒక షాఫ్ట్ ఎక్కించి, “చూడకండి, వినండి” అన్నాడు. కాయిల్ సన్నగా కూస్తోంది. కాసేపు ఒకే శ్రుతి. తర్వాత కూత ఒక్కసారి తడబడి పైకి లేచింది. “అదిగో, అక్కడ” అని వేలెత్తాడు. లావు షాఫ్ట్‌కి ఆ మార్పు ఇంకా పెద్దదని, అది వేరే ఎక్కించి వినిపించాడు. నేను కాగితం మీద వెతుకుతున్న క్షణాన్ని ఆయన ఏళ్ల తరబడి చెవితోనే పట్టుకుంటున్నాడు.

రకరకాల సైజుల షాఫ్ట్‌ల కూతలు ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. పట్టిక తీసేసి, ఇండక్టెన్స్‌ని ప్రతి సైకిల్‌లో కొలతల నుంచే అంచనా వేసేలా మోడల్ మార్చాను. సరిగ్గా పట్టుకుంటోందా లేదా అన్నది ఆ రికార్డింగులతో పోల్చి చూసుకున్నాను. మూడు వారాలు పట్టింది.

ఈసారి కూత తడబడలేదు, గమకంలా నున్నగా ఎక్కింది. షాఫ్ట్‌ని అడ్డంగా కోసి, పాలిష్ చేసి, నైట్రిక్ యాసిడ్ కలిపిన స్పిరిట్ రాశాం. గట్టిపడ్డ పొర వేరే రంగులో ఉంగరంలా తేలింది. చుట్టూ ఎక్కడ కొలిచినా ఒకే మందం. ఆయన దాన్ని లైటు కింద తిప్పి తిప్పి చూశాడు.

ఇక్కడ ‘డు’, అంటే ‘నువ్వు’ అని పిలుచుకుందామని పెద్దవాళ్లే ముందుగా అడగాలి. ఆ సాయంత్రం ఆయన గ్లౌజు తీసి చెయ్యి చాపి, తన పేరు చెప్పి, “ఇక నుంచి డు” అన్నాడు. మా నాన్న వయసు మనిషిని నువ్వు అనడానికి నాకు ఇంకా నోరు రాదు, ‘జీ’ అనే వచ్చేస్తుంది. ఆయన తల అడ్డంగా ఊపి, తర్వాతి షాఫ్ట్ ఎక్కిస్తాడు.