డార్ట్‌మూర్ బందెలదొడ్డి

ఇంగ్లండ్ నైరుతిలోని డార్ట్‌మూర్ బీడు చూద్దామని బయల్దేరాను. మధ్యలోని ప్రిన్స్‌టౌన్ ఊరి దాకా బస్సుంది. అక్కడి నుంచి డన్నాబ్రిడ్జ్‌కి టాక్సీవాడు ఇరవై పౌండ్లు అడిగాడు. పట్టుమని ఐదు మైళ్లు కూడా లేదు. తిట్టుకుంటూనే ఎక్కాను. జూలై నెలాఖరులోనూ స్వెటర్ తియ్యనివ్వని గాలి. ఎటు చూసినా గడ్డి, తుప్పలు, బండరాళ్లు. ఈ బీడు మీద ఎవరైనా ఏం సంపాదించి ఉంటారులే అనుకుంటూ దిగాను.

బందెలదొడ్డి రోడ్డు పక్కనే ఉంది. నాచు పట్టిన రాళ్లతో చుట్టూ గోడ, లోపల పెద్ద రాతి పలకలు పేర్చి కట్టిన గూడులాంటి కుర్చీ. అందులో కూర్చుని శాండ్‌విచ్ తింటుంటే, గొర్రెల్ని చూసుకోవడానికి వచ్చిన ఓ పెద్దాయన పలకరించి, తాతల నాటి కబుర్లు మొదలుపెట్టాడు.

1900ల తొలి ఏళ్లలో, ఏడో ఎడ్వర్డ్ కాలంలో, పల్లపు రైతులు వేసవి రాగానే పశువుల్ని ఇక్కడికి తోలేవాళ్లట. అవి పైన మేస్తుంటే, కింద పచ్చికను పెరగనిచ్చి, కోసి, చలికాలానికి ఎండుగడ్డి వాములు వేసుకునేవాళ్లు. కిటుకంతా అదే. ఈ నేల డచీ ఆఫ్ కార్న్‌వాల్‌ది, అంటే బ్రిటన్ యువరాజు ఎస్టేటుది. దాన్ని నాలుగు భాగాలు చేసి మూర్‌మెన్ అనే మంద కాపర్లకి కౌలుకిచ్చేది. వాళ్లు తలకింత అని పుల్లరి వసూలు చేసి, గుర్రాల మీద తిరుగుతూ మందలు కాసేవాళ్లు. చుట్టుపక్కల మేత హక్కున్న రైతులకు వేరే లెక్క: చలికాలం సొంత పొలం మీద ఎన్నింటిని సాకగలరో, వేసవిలో అన్నింటినే పైకి తోలాలి.

ముందుగా ఎవరికీ చెప్పకుండా ఓ తెల్లవారుజామున కొమ్ముబూరలు ఊది, మేస్తున్నవాటన్నిటినీ ఈ దొడ్డికి తోలేవాళ్లు. హక్కు లేకుండా మేసినవి దొరికితే జరిమానా కట్టి విడిపించుకోవాలి. మా పల్నాడులో పుల్లరి గొడవలో 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణాలే పోయాయి. ఇక్కడా తగాదాలయ్యేవా అని అడిగాను.

"అవకపోతే ఈ గోడెందుకు?" అన్నాడు.

గడ్డి ఒక్కటే కాదు. వేసవి మొదట్లో పీట్‌ని, అంటే కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడ్డ నల్లమట్టిని, ఇటుకల్లా కోసి, ఆరబెట్టి పొయ్యిలోకి దాచుకునేవాళ్లు. మూర్ మీద పెరిగిన పోనీలను బొగ్గు గనులకు అమ్మేవాళ్లు. ఆడవాళ్లు, పిల్లలు వంగి వంగి వొర్టిల్‌బెర్రీలనే అడవి పండ్లు ఏరి అమ్ముకునేవాళ్లు. పెద్దాయన గోడవతల మోకాలెత్తు లేని ఓ పొద నుంచి గుప్పెడు కోసి నా చేతిలో పోశాడు. బఠాణీ గింజంత ఉన్నాయి, పులుపు. వేళ్లన్నీ ఊదారంగు. ఓ గంపెడు నిండాలంటే నడుం విరగాల్సిందే.

ప్రిన్స్‌టౌన్ దుకాణంలో ఆ పండ్ల జామ్ బుల్లి సీసా ఆరు పౌండ్లు. మామూలుగా అయితే ధర చూసి గొణిగేవాణ్ని. ఆ రోజు నోరు మూసుకుని కొన్నాను.