ట్యాంకు ఉన్నదే ఖాయం చేశాను

ట్యాంకు ఉన్న కంప్రెసరే కొనాలి, ఇవాళ్టితో ఆ సంగతి తేలిపోయింది. గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ కొని చాలా రోజులైనా దానికి గాలి ఇచ్చే కంప్రెసర్ లేక డబ్బాలోనే ఉంది, నా గుత్తి షెడ్ రైలింజన్ మోడలేమో రంగు లేకుండా షెల్ఫులో అట్లే నిలబడింది. మామూలు బ్రష్షుతో వేసేయొచ్చు కదా అని ఇంట్లో అడుగుతారు. ఇది హెచ్‌ఓ స్కేలు, అసలు ఇంజన్‌లో 87వ వంతు. దీని మీద బ్రష్షు గీత మిల్లీమీటరులో పదో వంతు మందం తేలినా అసలు ఇంజన్ మీద దాదాపు 9 మిల్లీమీటర్ల గట్టు కట్టినట్టు లెక్క. గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆ ఇంజన్లను చూస్తూ పెరిగినవాణ్ణి, అట్లాంటిది నా చేత్తో చేయలేను.

పొద్దున బావ ఫోన్ చేశాడు. "పంక్చర్ షాపు పాత మిషన్ ఒకటి ఉంది బామ్మర్దీ, 2 హెచ్‌పీ, సగం ధరకే ఇస్తారంట." పని జరుగుతుంది, కాదనను, రెగ్యులేటర్ పెట్టి గాలి ఒత్తిడి తగ్గించుకోవచ్చు. కానీ నాకు కావాల్సింది 15 నుంచి 25 పీఎస్ఐ ఒత్తిడి, రంగు బయటికొచ్చే 0.3 మిల్లీమీటర్ల నాజిల్‌కు పట్టే గాలి చాలా కొంచెం. పైగా అది ఆయిల్ మిషన్, గాలితో పాటు నూనె తుంపర వస్తే రంగు అక్కడ పట్టకుండా గుండ్రంగా విడిపోతుంది. ఇక శబ్దం. నేను కూర్చునేదే రాత్రి భోజనాలయ్యాక, కింద ఓనర్ ఆంటీ వాళ్ళబ్బాయి ఈఏపీసెట్‌కు చదువుతుంటాడు, ఆ పిల్లాడి చదువు చెడగొట్టి నేను రంగులేసుకోవడం నాకు ఇష్టం లేదు.

అనంతపురం పాతూరులో టూల్స్ షాపాయన "ఎంత పీఎస్ఐ కావాలప్పా?" అంటూ 150 అని రాసున్న కారు టైర్ల పంపు ముందు పెట్టాడు. "అది కొన్ని నిమిషాలు ఆడి ఆగాల్సిన మిషన్ అన్నా, నాకు గంటసేపు నిలకడగా గాలి రావాలి" అని చెబితే, లోపల్నుంచి 1/5 హెచ్‌పీ ఆయిల్ లేని పిస్టన్ కంప్రెసర్లు రెండు తెచ్చాడు, ఒకటి ట్యాంకు లేనిది, ఒకటి 3 లీటర్ల ట్యాంకుది. నా ఎయిర్‌బ్రష్ సంచిలోనే ఉంది. నీళ్ళలో నాలుగు చుక్కల ఇంకు కలిపి పాత పేపరు మీద కొట్టి చూశాం. ట్యాంకు లేనిదానితో సన్నగీత వణుకుతోంది, పిస్టన్ కొట్టే ప్రతి దెబ్బా పేపరు మీద కనబడుతోంది. రెండోదానితో అదే చెయ్యి, అదే ఒత్తిడి, గీత నున్నగా వచ్చింది. ట్యాంకు 4 బార్‌కు, అంటే సుమారు 58 పీఎస్ఐకి చేరగానే మోటారు దానంతటదే ఆగింది, 3 బార్‌కు దిగాక మళ్ళీ మొదలైంది, మధ్యలో మోటారు చల్లబడుతుంది, మన చెవులకూ విశ్రాంతి. ఆడుతున్నప్పుడు కూడా పక్కనే నిలబడి మామూలు గొంతుతోనే మాట్లాడుకున్నాం, నాకు అదే పెద్ద సంతోషం.

కొనేవాళ్ళకు ఒక మాట: రెగ్యులేటర్ ముల్లును ఎయిర్‌బ్రష్ ట్రిగ్గర్ నొక్కి గాలి పోతున్నప్పుడు చూసి సెట్ చేసుకోవాలి. ఊరికే ఉన్నప్పుడు 20 చూపించేది గాలి వదలగానే దిగిపోతుంది. డబ్బా మీద నిమిషానికి ఇన్ని లీటర్లు అని రాసేది కూడా చాలాసార్లు ఒత్తిడి లేనప్పటి లెక్క.

మన అనంతపురంలో గాలి పొడిగానే ఉంటుంది గానీ వానల కాలంలో ట్యాంకులో నీళ్ళు చేరతాయి, నొక్కిన గాలి చల్లబడితే తేమ దిగక తప్పదు. అందుకే అడుగున డ్రెయిన్ వాల్వ్, రెగ్యులేటర్‌కు నీళ్ళు పట్టే గిన్నె రెండూ ఉన్నాయా అని వంగి మరీ చూశాను. ఉన్నాయి. ఎండాకాలంలో మన తలనొప్పి వేరే, ఎక్రిలిక్ రంగు ఎయిర్‌బ్రష్ సూది కొసనే ఎండిపోతుంది, దానికి ఆరడాన్ని నెమ్మది చేసే రిటార్డర్ చుక్క కలిపి, ఒత్తిడి కాస్త తగ్గించుకోవాలి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడపను, మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలుకు కొన్ని రెట్లు లాగుతుంది. ట్యాంకులో మిగిలిన గాలి అర నిమిషమన్నా వస్తుంది, చేతిలో ఉన్న గీత పూర్తిచేసుకోవచ్చు.

పదివేల దగ్గర పడుతోంది, నా జీతానికి తక్కువేం కాదు, అయినా అడ్వాన్సు ఇచ్చేశాను. కొత్త పీసు గురువారం వస్తుందన్నాడు. ఈలోపు మంచి మాస్కు కొనాలి, నీళ్ళ రంగైనా సరే ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, కిటికీకి ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా బిగించాలి. వచ్చే ఆదివారం ప్రైమర్, అంటే రంగుకు ముందు పూత, వేస్తాను.