ఇచ్చినది ఏమిటి, అడిగినది ఏమిటి

ఈ పత్రిక తెచ్చే మన బడిలోనే, తొమ్మిదో తరగతిలో, మా లెక్కల మాస్టారు ప్రతి లెక్కకూ ముందు నోటుపుస్తకంలో పేజీని నిలువుగా రెండు భాగాలు చేయించి, ఎడమవైపు ‘ఇచ్చినది’ అనీ కుడివైపు ‘అడిగినది’ అనీ రాయించేవారు. ఆ రెండూ నింపకుండా సాధనలోకి దిగినవారి లెక్కను, జవాబు సరిపోయినా సరే, ఆయన దిద్దేవారు కాదు. అప్పట్లో అది నాకు చేతికి పని పెంచే పద్ధతిగానే తోచింది. దాని విలువ తెలిసింది మాత్రం బడి విడిచిన చాలా ఏళ్లకు, ఆన్‌లైన్‌లో పజిల్ ఆటలు ఆడడం మొదలుపెట్టాక.

వాటిలో నాకు ఎక్కువ ఇష్టమైనవి రిడిల్ ఆటలు. ఒక్కో అంచె ఒక్కో వెబ్ పేజీగా ఉంటుంది. అందులో ఒక బొమ్మ, ఒకటి రెండు మాటలు తప్ప నియమాలంటూ ఏవీ కనిపించవు. జవాబు కనిపెట్టి, బ్రౌజరు చిరునామాలో పేజీ పేరు ఉన్న చోట దాన్ని టైపు చేస్తే తరువాతి అంచె తెరుచుకుంటుంది. 2005లో వచ్చిన పైథాన్ ఛాలెంజ్ అనే ప్రోగ్రామింగ్ రిడిల్ ఆట ఇలాగే మొదలవుతుంది. మొదటి పేజీలో ఒక కంప్యూటరు తెర, దాని మీద 2, ఆ అంకెకు ఘాతాంకంగా 38, కింద చిరునామాను మార్చి చూడమన్న సూచన, అంతే. ముప్పై ఎనిమిది రెండ్లను గుణిస్తే వచ్చే 274877906944ను చిరునామాలో పెట్టినవారికి దారి దొరుకుతుంది. అడిగినది ఏమిటో తెలుసుకోవడమే ఇక్కడ సగం పని.

నేను మొదట ఆడిన ఆటలో ఒక అంచె దగ్గర రెండు సాయంత్రాలు ఆగిపోయాను. తలపై ఆకుల కిరీటంతో ఒక రోమన్ పాలకుడి విగ్రహం, దాని కింద జి, ఆర్, ఆర్, యు అనే నాలుగు ఇంగ్లిషు అక్షరాలు ఉన్నాయి. అక్షరాలను అటూ ఇటూ మార్చి చూశాను, ఏవైనా పేర్లకు పొడి అక్షరాలేమో అనుకున్నాను, తోచినవన్నీ టైపు చేశాను. మూడో రోజు కాగితం తీసి నిలువుగా గీత గీశాను. ఎడమవైపు కనిపించినవన్నీ రాస్తూ పోతుంటే, బ్రౌజరు పైభాగంలో ఉన్న పేజీ శీర్షికను ఒక్కసారి కూడా చదవలేదని తెలిసింది. ‘మూడడుగులు వెనక్కి’ అని అర్థం వచ్చే మాటలు అక్కడ ఉన్నాయి. రోమన్ పాలకుడు జూలియస్ సీజర్ తన రహస్య లేఖల్లో ప్రతి అక్షరానికీ బదులు, వర్ణమాలలో దానికి మూడు స్థానాల తరువాత వచ్చే అక్షరాన్ని వాడేవాడని రోమన్ చరిత్రకారుడు స్యుటోనియస్ రాశాడు. మూడేసి స్థానాలు వెనక్కి జరపగానే జి స్థానంలో డి, ఆర్ స్థానంలో ఓ, యు స్థానంలో ఆర్ వచ్చి ‘డోర్’ అనే మాట కనిపించింది.

ఆ శీర్షిక లేకపోయినా దారి ఉండేదని తరువాత గ్రహించాను. నాలుగు అక్షరాల ఇంగ్లిషు మాట నడుమ ఒకే అక్షరం జంటగా వస్తే అది చాలావరకు ఇ గానీ ఓ గానీ అయి ఉంటుంది. ఇ అనుకుంటే 13 స్థానాలు వెనక్కి జరగాలి; అప్పుడు టి, ఇ, ఇ, హెచ్ వస్తాయి, అది మాట కాదు. ఓ అనుకుంటే 3 స్థానాలే, మాట కుదురుతుంది. ఊహించడానికీ ఊహను పరీక్షించడానికీ మధ్య తేడా నాకు నిజంగా బోధపడింది ఆ రోజే.

అప్పటినుంచి నా ఎడమవైపు జాబితాలో పేజీ శీర్షిక, బొమ్మ ఫైలు పేరు, పేజీ సోర్సులో, అంటే పేజీ వెనక ఉండే కోడులో, దాచిన వ్యాఖ్యలు తప్పక ఉంటాయి. నల్లగా కనిపించే బొమ్మకు వెలుతురు పెంచి చూస్తాను, శబ్దం ఉంటే దాన్ని చివర నుంచి మొదటికి తిప్పి వింటాను. సంకేతాలను వాటి ఆకారమే పట్టిస్తుంది: ఎనిమిదేసి సున్నాలు, ఒకట్ల గుంపులైతే బైనరీ; 65 నుంచి 90 లోపు సంఖ్యలే ఉంటే, ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య ఇచ్చే ఆస్కీ పద్ధతిలో ఇంగ్లిషు పెద్ద అక్షరాలు; చిన్నా పెద్దా అక్షరాలు, అంకెలు కలగలిసి చివర సమాన గుర్తు ఉంటే, సమాచారాన్ని అక్షరాలుగా మార్చి రాసే బేస్ 64 అనే పద్ధతి అయ్యే అవకాశం ఎక్కువ.

పదాల ఆటల్లో అవసరమయ్యే ఓర్పు వేరు. 2021లో జనంలోకి వచ్చిన వర్డిల్‌లో అయిదక్షరాల ఇంగ్లిషు మాటను ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టాలి; ప్రతి ప్రయత్నం తరువాత ఏ అక్షరాలు మాటలో ఉన్నాయో ఆట రంగులతో చూపిస్తుంది. చివరి నాలుగు అక్షరాలు ఐ, జి, హెచ్, టి అని తేలాక చాలామంది లైట్, నైట్, మైట్ అంటూ ఒక్కొక్కటే వేసి ఓడిపోతారు, ఎందుకంటే ఆ తోకతో వాడుకలో ఉన్న మాటలు ఎనిమిదైనా ఉన్నాయి. జవాబు కాదని తెలిసీ ‘మెలన్’ అని వేస్తే, మొదటి అక్షరం కాగల ఎం, ఇ, ఎల్, ఎన్ నాలుగూ ఒక్క ప్రయత్నంలో తేలిపోతాయి. దొరికిన ఆధారాలను తరువాతి ప్రయత్నాల్లో తప్పక వాడాల్సిన కఠిన పద్ధతిలో మాత్రం ఇది కుదరదు. గెలుపు కోసం కాక సమాచారం కోసం ఒక ప్రయత్నాన్ని వదులుకోవడం నాకు ఈ ఆటలన్నిటిలోకీ అందమైన ఎత్తుగా అనిపిస్తుంది.

ఎక్కడైనా ఆగిపోయినప్పుడు స్నేహితులను జవాబు అడగను. నా జాబితా చూపించి, ఇందులో నేను వదిలేసినది ఏమైనా ఉందా అని మాత్రమే అడుగుతాను. చెప్పేవారికీ ఆ హద్దు తెలిసి ఉండాలి. జవాబు చెప్పేస్తే ఆ అంచె అవతలివారికి ఇక ఎప్పటికీ దక్కదు.

ఈ సంచిక చదివే తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఒక అంచె ఇక్కడ వదులుతున్నాను: 19, 3, 8, 15, 15, 12. ఇవి ఇంగ్లిషు వర్ణమాలలో అక్షరాల స్థానాలు. కాగితం నిలువుగా మడిచి, ఎడమవైపు రాసేటప్పుడు జంటగా ఉన్న 15ను మరిచిపోవద్దు. ఈ వ్యాసం ఎక్కడ అచ్చయిందో కూడా ఆ వైపే రాసుకోండి.