నీవు గుప్పిలి విప్పగా

ఈ జనవరిలో అమ్మకు బయాప్సీ చేశారు. రిపోర్ట్‌కి వారం పడుతుందన్నారు. ఆ వారం గుంటూరులో మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. ప్రార్థనకు మోకరిస్తే "ప్రభువా" అన్న తర్వాత నాకు మాట వచ్చేది కాదు. నాలుగో రోజు సాయంత్రం మా తమ్ముడు "ఇట్లా కూర్చుంటే టెన్షన్‌తో నువ్వూ మంచాన పడతావక్కా, లే" అని బండెక్కించుకుని ఉప్పలపాడు తీసుకెళ్లాడు.

పెదకాకాని మండలంలో చిన్న ఊరు అది. ఊరి చెరువులో తుమ్మచెట్లు, వాటికి తోడు పక్షుల కోసం పెట్టిన ఇనుప స్టాండ్లు. కొమ్మ కనపడనంతగా ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు. దగ్గరికి వెళ్లకముందే నీచు వాసన, రెక్కల చప్పుడు. వాటిని చూడగానే 104వ కీర్తనలోని మాట నోటికొచ్చింది: "సరళవృక్షములపైన కొంగలు నివాసముచేయుచున్నవి." అక్కడ లెబానోను సరళవృక్షాలు, ఇక్కడ మన తుమ్మచెట్లు. ఇల్లు ఇచ్చినవాడు మాత్రం ఒక్కడే.

ఆ వచనంలోని కొంగకు హెబ్రీలో 'హసీదా' అని పేరు. మన బైబిలులో చాలాచోట్ల 'కృప' అని ఉన్న 'హెసెద్'కు అది దగ్గరి చుట్టం. 136వ కీర్తనలో 26 వచనాలుంటే 26 సార్లూ "ఆయన కృప నిరంతరముండును" అని పాడుకుంటామే, ఆ కృపే. ఆ మాటలోంచి ఒక పక్షికి పేరు పుట్టిందంటే నాకు ఎంతో సంతోషం.

గట్టుకు దగ్గరగా ఒక గూట్లో గూడబాతు పిల్ల ఒక్కటే ఉంది. ఒళ్లంతా నూగు, ఇంకా ఎగరలేదు. మెడ చాచి ఆకాశం వైపే చూస్తోంది. ఎన్నో పెద్ద పక్షులు తల మీదుగా పోతున్నాయి, అది కదల్లేదు. చాలాసేపటికి ఒకటి వచ్చి వాలింది. అప్పుడు చూడాలి దాని హడావుడి! రెక్కలు టపటపా కొట్టుకుంటూ తల్లి నోటి సంచిలోకి తల, మెడ మొత్తం దూర్చేసింది. తల్లి నోరు తెరిచి అలాగే నిలబడింది, పిల్ల తిన్నంతసేపూ.

అదే కీర్తనలో 27, 28 వచనాలు: "తగినకాలమున నీవు వాటికి ఆహారమిచ్చెదవని ఇవన్నియు నీ దయకొరకు కనిపెట్టుచున్నవి... నీవు గుప్పిలి విప్పగా అవి మంచివాటిని తిని తృప్తిపరచబడును." దేవుని సన్నిధిలో కనిపెట్టడం, అంటే ఎదురుచూడటం, అని చిన్నప్పటి నుంచి సంఘంలో వింటూనే ఉన్నాను. చక్కని మాటలతో చేసే పొడవాటి ప్రార్థన అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ పిల్లకు మాటలేవీ లేవు. మెడ చాచి చూడటం ఒక్కటే దాని ప్రార్థన. నా నోట మాట రాని ఆ నాలుగు రోజులూ ఆయన లెక్కలో ప్రార్థనే అయ్యాయేమో అనిపించి, గట్టు మీదే ఏడుపొచ్చింది.

పక్షులు దేవుడు కావు, చెరువూ దేవుడు కాదు. అవి ఆయన చేతిపని, అంతే. గూటిలోంచి జారి పడిపోయే పిల్లలు ఉంటాయని కూడా నాకు తెలుసు. పిచ్చుక నేల పడదని యేసు ప్రభువు చెప్పలేదు, తండ్రి సెలవు లేకుండా పడదని చెప్పాడు. రిపోర్ట్ ఎలా వస్తుందోనన్న భయం ఆ సాయంత్రం పోలేదు. కానీ ఆ భయంలో నేను ఒంటరిగా లేనని తెలిసింది. చెరువు మీద ఎండ ఎర్రబడేదాకా కూర్చున్నాం. తమ్ముడు కూడా ఏం మాట్లాడలేదు.

ఇంటికొచ్చి అమ్మ మంచం పక్కన కూర్చుని చూసిందంతా చెప్పాను. కళ్లు మూసుకుని వింటోంది, నిద్రపోయిందనుకున్నాను.

"ఆ పిల్లకు కడుపు నిండిందా?" అంది.

"నిండిందమ్మా."

"అయితే ఆ కీర్తన చదువు. మొదటి నుంచి చదువు."