మనం వాదిస్తున్నది ఒకే సినిమా గురించేనా?

మొన్న ఒక సాయంత్రం నేనూ, నాకన్నా పదేళ్లు పెద్దవారైన ఒక మిత్రుడూ ‘బ్లేడ్ రన్నర్’ గురించి గంటకు పైగా వాదించుకున్నాం. అభిమానం కొద్దీ నేను గురువుగారూ అని పిలిచే ఆ పెద్దమనిషి ఒక పట్టాన దేనికీ ఒప్పుకోరు. నేనూ అంత తొందరగా తగ్గే రకం కాదు. కథానాయకుడు డెకార్డ్ మామూలు మనిషా, లేక తాను వేటాడుతున్న కృత్రిమ మానవుల్లో తానూ ఒకడా అన్నది తగవు. “అతను మనిషి కాకపోతే ఆ కథకు అర్థమే లేదు, అసలు ఆ అనుమానం నీకెందుకు పుట్టిందయ్యా?” అని ఆయన. “ఆ ఒంటికొమ్ము గుర్రం కల చూసి కూడా అలా అంటారేమిటి గురువుగారూ?” అని నేను. “ఏ కల?” అన్నారాయన.

అక్కడితో వాదన ఆగిపోయింది. ఆయన చూసింది 1982లో థియేటర్లలో విడుదలైన కూర్పు, అదీ ఎప్పుడో కుర్రతనంలో ఒక్కసారి. నేను చూసింది 2007లో దర్శకుడు రిడ్లీ స్కాట్ తన ఇష్టప్రకారం తీర్చిదిద్దిన ‘ఫైనల్ కట్’. గంట సేపు ఇద్దరం ఒకే పేరున్న రెండు సినిమాల గురించి గొంతు చించుకున్నామన్నమాట.

తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ, డెకార్డ్ ఎవరన్న ప్రశ్నంతా దాని మీదే ఆధారపడి ఉంది. డెకార్డ్ వెంట తిరిగే గాఫ్ అనే పోలీసు అధికారికి చేతికందిన కాగితాన్ని మడతపెట్టి చిన్న చిన్న బొమ్మలు చేసే అలవాటు ఉంటుంది. చివర్లో డెకార్డ్ తన ఇంటి గుమ్మం దగ్గర నేల మీద పడి ఉన్న ఒంటికొమ్ము గుర్రం బొమ్మను చూస్తాడు. తొలి కూర్పులో ఆ బొమ్మకు ఉన్న అర్థం ఒక్కటే: గాఫ్ ఇక్కడి దాకా వచ్చి, డెకార్డ్ ప్రేమించిన కృత్రిమ మానవురాలు రేచల్‌ను చంపగలిగి కూడా వదిలేసి వెళ్లాడు. 1992లో వచ్చిన ‘డైరెక్టర్స్ కట్’లోనూ, దాని తరువాతి ‘ఫైనల్ కట్’లోనూ మాత్రం, అంతకు చాలా ముందే, డెకార్డ్ పియానో దగ్గర కూర్చుని ఉండగా అడవిలో పరుగెత్తుతున్న ఒంటికొమ్ము గుర్రం కొద్ది సెకన్ల పాటు కలలా మెదులుతుంది. ఆ కల సంగతి అతను ఎవరికీ చెప్పడు. మరి గాఫ్‌కు ఎలా తెలిసింది? ఇదే సినిమాలో, రేచల్ ఎవరికీ చెప్పుకోని చిన్ననాటి సాలీడు జ్ఞాపకాన్ని డెకార్డే ఆమెకు అప్పజెప్పి, అది నీది కాదు, వేరే ఎవరిదో తెచ్చి నీలో అమర్చారు అని తేల్చి చెబుతాడు. రేచల్ విషయంలో అతను చేసిన పనే ఇప్పుడు ఆ కాగితపు బొమ్మ అతని విషయంలో చేస్తోందన్నమాట. కల లేనప్పుడు ఈ ముడి పడే అవకాశమే లేదు. కాబట్టి గురువుగారు చూసిన సినిమాలో డెకార్డ్‌ను మనిషి అనుకోవడమే న్యాయం.

ఇంకో తేడా కూడా ఉంది. తొలి కూర్పులో డెకార్డ్‌గా నటించిన హారిసన్ ఫోర్డ్ గొంతు వెనక నుంచి కథ చెబుతూ ఉంటుంది. చివర్లో డెకార్డ్, రేచల్ ఇద్దరూ పచ్చని కొండల మధ్య కారులో వెళ్లిపోతారు. ఆ కొండల మీది విహంగ దృశ్యాలు స్టాన్లీ కూబ్రిక్ ‘ది షైనింగ్’ కోసం తీయించి వాడకుండా మిగిల్చినవి. తరువాతి కూర్పుల్లో ఆ గొంతూ లేదు, ఆ కొండలూ లేవు. లిఫ్ట్ తలుపు మూసుకోవడంతో సినిమా అయిపోతుంది. నాకు ఆ వెనక గొంతు కంటికి కనబడుతున్నదాన్నే చెవిలో మళ్లీ చెబుతున్నట్టు ఉంటుంది. గురువుగారికేమో అదే ప్రాణం. పాత డిటెక్టివ్ సినిమాల వాసన దాని వల్లే వచ్చిందంటారు. ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా ఎవరూ వినేది లేదని ఇద్దరికీ తెలుసు.

ఆ రోజు నుంచి నాకొక అనుమానం పట్టుకుంది. కూర్పు ఒకటే అయినప్పుడు కూడా మనం వాదించుకునేది తరచూ రెండు వేరు వేరు సినిమాల గురించేనేమో! ఒకరు విడుదల రోజున, చుట్టూ జనం అరుస్తుండగా చూసి ఉంటారు. ఇంకొకరు ఇరవై ఏళ్ల తరువాత, అది గొప్పదని పదిమంది చెప్పగా విని, గొప్పతనం వెతుక్కుంటూ చూసి ఉంటారు. మొదటివారిది తొలి చూపు తీర్పు, రెండోవారిది అరిగి తేలిన తీర్పు. కొత్త సినిమాలనూ, కొందరు అభిమానులు ఏళ్ల తరబడి ప్రాణంగా చూసుకునే కల్ట్ సినిమాలనూ పక్కపక్కన పెట్టి మాట్లాడేటప్పుడు ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ‘కొత్తొక వింత, పాతొక రోత’ అన్న సామెత సినిమా పిచ్చి ఉన్నవాళ్ల దగ్గర తిరగబడుతుంది. మా బృందంలో పాతదంతా బంగారం, కొత్తదంతా ఇత్తడి. పాత సినిమాలు ఒకసారి జల్లెడ పట్టాక మన దాకా వచ్చాయని, అప్పటి పొట్టంతా కింద రాలిపోయిందని ఎవరూ గుర్తుంచుకోరు.

తొలి చూపు తీర్పు ఎంత దారుణంగా తప్పగలదో చెప్పడానికి 1982 జూన్ 25 ఒక్కటి చాలు. ఆ రోజు అమెరికాలో ‘బ్లేడ్ రన్నర్’, జాన్ కార్పెంటర్ ‘ది థింగ్’ రెండూ ఒకేసారి విడుదలయ్యాయి. రెండు వారాల ముందే వచ్చిన స్పీల్‌బర్గ్ ‘ఈ.టీ.’ జనాన్ని ఊపేస్తోంది. బొద్దు కళ్లతో చేతులు చాచి వచ్చే గ్రహాంతర జీవిని ముద్దు చేసుకుంటున్న ప్రేక్షకులకు, మనిషి శరీరంలో దూరి అతని రూపమే ఎత్తే అంటార్కిటికా జీవి ఏం నచ్చుతుంది? ‘ది థింగ్’ మీద విమర్శకులు విరుచుకుపడ్డారు, అసహ్యమన్నారు, పాత్రల్లో ప్రాణం లేదన్నారు. ఎన్నియో మొరికోనే సంగీతాన్ని ఆ ఏటి చెత్త సంగీతం కింద వెక్కిరింపు పురస్కారానికి నామినేట్ చేశారు. ఆ సినిమా కోసం ఆయన కట్టి, వాడకుండా మిగిలిన బాణీల్లో కొన్నింటిని టరంటీనో 2015లో తన ‘ది హేట్‌ఫుల్ ఎయిట్’లో వాడుకున్నాడు, ఆ చిత్రానికే మొరికోనేకు ఆస్కార్ వచ్చింది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా గురువుగారు ముసిముసిగా నవ్వుతారు.

‘ది థింగ్’ మొదటిసారి చూసినప్పుడు నాకూ ఆ రక్తమాంసాల హంగామా తప్ప మరేమీ కనబడలేదని ఒప్పుకోవాలి. మూడోసారి చూసినప్పుడు గానీ రక్తపరీక్ష దృశ్యం ఎంత నేర్పుగా అల్లారో తెలియలేదు. మనిషి ఎవరో, మనిషి రూపంలో ఉన్న ఆ జీవి ఎవరో తేల్చడానికి కథానాయకుడు మాక్‌రెడీ తన సహచరులందరినీ కట్టిపడేసి, ఒక్కొక్కరి రక్తం ఉన్న గాజుపళ్లెంలో కాల్చిన తీగ పెడుతూ వస్తాడు. చుయ్యిమన్న చప్పుడు, ఏమీ జరగదు. మళ్లీ చుయ్యిమన్న చప్పుడు, ఏమీ జరగదు. ఇదంతా అర్థం లేని పని అని గ్యారీ విసుక్కుంటాడు. నిన్ను చివరకు ఉంచుతాను అని మాక్‌రెడీ అతని వైపు చూస్తాడు, అతనితో పాటే మనమూ గ్యారీని చూస్తాం, అనుమానమంతా అతని మీదికి మళ్లుతుంది. సరిగ్గా ఆ మాట ముగుస్తుండగా, ఎవరూ పట్టించుకోని పామర్ రక్తం కెవ్వుమంటూ పళ్లెంలోంచి ఎగిరి పడుతుంది. అక్కడ మనల్ని ఉలిక్కిపడేలా చేసింది బొమ్మల పనితనం కాదు, చూపును పక్కకు మళ్లించిన ఆ ఒక్క మాట. 1982లో ఆ హాల్లో కూర్చుని ఉంటే నేనూ అసహ్యమనే అనేవాణ్నేమో. విమర్శకులను ఎగతాళి చేసేటప్పుడు ఇది గుర్తుంచుకోవడం మర్యాద.

అసలు ఏది కల్ట్ అన్నది మా మధ్య ఎప్పటికీ తెగని ఇంకో పంచాయితీ. ఈ మధ్య నిర్మాతలే విడుదలకు ముందు ‘కల్ట్ క్లాసిక్’ అని పోస్టర్ మీద వేసుకుంటున్నారు. పుట్టని బిడ్డకు షష్టిపూర్తి చేసినట్టుంటుంది నాకు. అది నిర్మాత ఇచ్చుకునే బిరుదు కాదు, చూసేవాళ్లు మెల్లగా కట్టబెట్టేది. 1975లో వచ్చి చతికిలబడిన ‘ది రాకీ హారర్ పిక్చర్ షో’ను మరుసటి ఏడాది న్యూయార్క్‌లోని వేవర్లీ థియేటర్లో అర్ధరాత్రి ఆటలుగా వేయడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లే మళ్లీ మళ్లీ వచ్చారు, పాత్రల వేషాలు కట్టారు, తెర మీది మాటలకు హాల్లోంచి బదులివ్వసాగారు, కొన్నాళ్లకు ఆ బదుళ్లే ఆటలో భాగమైపోయాయి. సినిమా మారలేదు, చూడటం మారింది.

అందుకే ‘ది షాషాంక్ రిడెంప్షన్’ను కల్ట్ అంటే నేను ఒప్పుకోను. ఒప్పుకునేవాళ్ల వాదన బలహీనమైనదేమీ కాదు. 1994లో అది థియేటర్లలో పెట్టుబడి కూడా రాబట్టలేదు, ఏడు ఆస్కార్ నామినేషన్లు వచ్చి ఒక్కటీ దక్కలేదు, ఆ తరువాత వీడియో క్యాసెట్ల మీదా, టీవీ పునఃప్రసారాల మీదా ఇంటింటికీ చేరింది. కానీ అది ఇప్పుడు అందరి సినిమా. అదంటే ఇష్టం లేదనే మనిషి నాకు ఇంతవరకూ తారసపడలేదు. కల్ట్ అన్నాక, దాన్ని భరించలేనివాళ్లు కూడా గదిలో ఇద్దరు ముగ్గురైనా ఉండాలి. వాళ్లతో పోట్లాడటంలోనే ఆ అభిమానానికి పదును వస్తుంది. ఇక 2003 నాటి ‘ది రూమ్’ లాంటి, చెత్తగా ఉండటం వల్లే పేరు తెచ్చుకున్న సినిమాల సంగతి. తెర మీద చెంచా ఫోటో కనబడ్డప్పుడల్లా హాల్లో ప్లాస్టిక్ చెంచాలు విసిరే సరదా నాకు అర్థమవుతుంది గానీ, ఒక మనిషి నిజాయితీగా పడ్డ తపనను చూసి రెండు గంటలు నవ్వడం నావల్ల కాదు.

మరి ఇప్పటి సినిమాల్లో రేపటికి మిగిలేవేవి? ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’ అన్నాడు ఒక మిత్రుడు. 2022లో వచ్చిన ఆ చిత్రానికి ఏడు ఆస్కార్లు దక్కాయి కాబట్టి కల్ట్ అనే ప్రశ్నే లేదని ఇంకొకడు కొట్టిపారేశాడు. నాకు మాత్రం అందులో, ప్రాణి పుట్టని ఒక లోకంలో తల్లీకూతుళ్లు కొండ అంచున రెండు బండరాళ్లుగా కూర్చుని, మాటలన్నీ అక్షరాలుగా తెర మీద పడుతూ, గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడని ఆ దృశ్యం ఒక్కటీ మిగిలితే చాలు. అంత హడావిడి సినిమా ఒక్కసారిగా నోరు మూసుకుంటే వచ్చే హాయి అది.

నేను పందెం కాసింది డేమియన్ చజెల్ ‘బాబిలన్’ మీద. అదీ 2022దే, మూడు గంటలు దాటిన నిడివి, వసూళ్లలో ఘోర పరాజయం. మూకీ సినిమాలు పోయి టాకీలు వచ్చిన కాలపు హాలీవుడ్ కథ. నేను ఆ పేరు ఎత్తగానే గురువుగారు చెయ్యి అడ్డం పెట్టి, “అరగంటకే ఆపేశాను, ఆ అరుపులు పడలేకపోయాను” అన్నారు. సగం కూడా చూడని సినిమాకు తీర్పేమిటని అడిగితే, సగం చూసి వదిలేయడం కూడా తీర్పే అన్నారు. అది కొంత నిజమే.

చివరకు నిన్న ఇద్దరం కూర్చుని మొదటి నుంచీ చూశాం. మొదలుపెట్టే ముందు ఆయన, “దీనికైనా ఒకటే కూర్పు ఉందా, లేక ఇందులోనూ ఏవైనా గుర్రాలు దాచారా?” అని అడిగారు. నెల్లీ అనే మూకీ సినిమాల నటి మొదటిసారి మైకు ముందు నటించే దృశ్యం వచ్చింది. కథానాయిక ఒక్క మాట చెప్పి నడిచి రావాలి, అంతే. ఒకసారి గొంతు ఎక్కువైందంటారు, ఒకసారి నిలబడాల్సిన చోటు తప్పిందంటారు, ఒకసారి ఎక్కడిదో చప్పుడు పడిందంటారు, ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచీ. చప్పుడు పడకూడదని గాలి రాకుండా అన్నీ మూసేశారు. కెమెరా రొద వినపడకూడదని కెమెరామన్‌ను ఒక పెట్టె లాంటి గదిలో బిగించేశారు. అందరి చెమటలూ అందరి బూతులూ చూసి పగలబడి నవ్వుతూ ఉండగా, టేక్ ఓకే అయిన సంబరంలో పెట్టె తలుపు తెరిస్తే లోపలి మనిషి ఉక్కకు చచ్చిపడి ఉన్నాడు.

గురువుగారు రిమోట్ తీసుకుని ఆపారు. కాసేపు ఏమీ అనలేదు. తరువాత దృశ్యాన్ని మొదటికి జరిపి, ఆ పెట్టెను ముందే ఎన్నిసార్లు చూపించారో లెక్కపెట్టుకుంటూ మళ్లీ చూశారు.

సినిమా అయ్యాక, ఆ దృశ్యం వరకూ నా వైపే ఉన్నానని చెప్పారు. చివర్లో సినిమా చరిత్రనంతా ముక్కలు ముక్కలుగా కలిపి తెర మీద గుప్పించిన ఆ నాలుగు నిమిషాలు మాత్రం దర్శకుడు తనను తాను మెచ్చుకోవడమేనని, ఎన్నిసార్లు చూపించినా ఆ మాట మార్చుకోనని అన్నారు. నాకైతే సినిమాకు ప్రాణమే అక్కడుందనిపిస్తుంది. రాత్రి పదకొండు దాటింది కాబట్టి లేచి వచ్చేశాను గానీ, వాదన ఇంకా అక్కడే ఉంది.