నేరబైలు చేలో అమావాస్య రాత్రి

తిరుపతి నుంచి తలకోనకు పోయేవాళ్ళంతా జలపాతం కోసమే పోతారు. మా మామా నేనూ మాత్రం ఫిబ్రవరిలో మాఘ అమావాస్య చూసుకుని చుక్కల కోసం బయల్దేరాం. భాకరాపేట ఘాటు దాటాక దీపాలు పలచబడ్డాయి. అడవి లోపలైతే చెట్లు ఆకాశాన్ని కప్పేస్తాయని, నేరబైలు దగ్గర తెలిసినవాళ్ళ చేని గట్టు మీదే మకాం పెట్టాం.

మామ పంచాంగం మనిషి. "సూర్యుడు తిరిగేది కండ్లతో చూస్తా ఉండాం గదరా, భూమి తిరుగుతుందంటావేంది" అని దారి పొడుగునా ఒకటే పోరు. ఆ రాత్రి ఆకాశం ఇద్దరిలో ఎవరికీ సాక్ష్యం చెప్పలేదు. ఎనిమిదింటికి మృగశిర, ఆరుద్ర దాదాపు నడినెత్తిన ఉన్నాయి. దక్షిణాన అగస్త్యుడు. ఉత్తరాన ధ్రువుడు బాగా కిందికి ఉన్నాడు. ఇక్కడి అక్షాంశం 13.6 డిగ్రీలు, ఆయన ఎత్తూ అటూఇటుగా అంతే. భూమి తూర్పుకు తిరిగినా, చుక్కల గోళమే పడమరకు తిరిగినా కంటికి కనబడేది ఒకటే. చుక్కలు రోజూ నాలుగు నిమిషాలు ముందుగా పొడవడం కూడా రెండు లెక్కల్లోనూ కుదురుతుంది. భూకేంద్ర లెక్కలో చుక్కల గోళం 23 గంటల 56 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది, సూర్యుడు రోజుకు దాదాపు ఒక డిగ్రీ వెనకబడతాడు. సూర్యకేంద్ర లెక్కలో అంతసేపట్లో చుట్టు తిరిగేది భూమి. ఈలోగా కక్ష్యలో ఒక డిగ్రీ జరిగిపోతుంది కాబట్టి, మళ్ళీ సూర్యుడికి ఎదురుగా రావడానికి ఇంకో నాలుగు నిమిషాలు తిరగాలి.

సంగటి, ఊరిబిండి ముందు పెట్టుకుని ఆర్యభటుడి మాటెత్తాను. పడవలో ముందుకు పోయేవాడికి ఒడ్డున కదలనివి వెనక్కి పోతున్నట్టు ఎలా కనిపిస్తాయో, లంకలో (పాత లెక్కల్లో భూమధ్యరేఖ మీది చోటు) ఉన్నవాడికి కదలని చుక్కలు పడమరకు పోతున్నట్టు అలా కనిపిస్తాయని ఆయన 499 ప్రాంతంలోనే రాశాడు. మామ కాసేపు మాట్లాడలేదు. అయితే ఆర్యభటుడు చెప్పింది భూమి తన చుట్టూ తాను తిరగడం గురించే. సూర్యుడి చుట్టూ తిరగడం వేరే సంగతి. ఈ రెంటినీ కలిపేసి, భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్‌ను మనవాళ్ళు వెయ్యేళ్ళ ముందే మించిపోయారని చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట.

ఆరో శతాబ్దపు జ్యోతిష్కుడు వరాహమిహిరుడి ప్రశ్న గుర్తుచేస్తే మామ మళ్ళీ లేచి కూర్చున్నాడు. భూమి తిరిగేటట్టయితే ఎగిరిన డేగ గూటికెట్లా చేరుతుంది? "అట్ల అడుగు!" అన్నాడు. గాలీ డేగా కూడా భూమితోపాటే తిరుగుతున్నాయి. తిరుపతి దగ్గర ఆ వేగం గంటకు 1,600 కిలోమీటర్ల పైమాటే. శ్రీహరికోట నుంచి ఉపగ్రహాల్ని భూస్థిర కక్ష్యకు పంపే రాకెట్లను తూర్పుకు ఎగరేసేది కూడా ఈ వేగం ఊరికే కలిసొస్తుందనే. ఇక 1851లో ప్యారిస్‌లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకో వేలాడదీసిన లోలకం, ఊగే దిశ మెల్లగా మారుతూ, భూభ్రమణాన్ని గదిలోనే చూపించింది. ఢిల్లీలో కొత్త పార్లమెంటు భవనంలో ఉన్న అలాంటి లోలకం ఊగే దిశ ఒక చుట్టు తిరగడానికి దాదాపు 50 గంటలు పడుతుంది. తిరుపతిలో కడితే దాదాపు 102 గంటలు, అంటే నాలుగు రోజులు దాటుతుంది.

తెల్లవారుజామున నాలుగింటికి లేచాం. చలి బాగానే ఉంది. దక్షిణాన సిలువ ఆకారంలో ఉండే చుక్కల గుంపు త్రిశంకు, దానికి ఎడమ పక్క కింద ఆల్ఫా సెంటారీ అనే చుక్క. అది 4.37 కాంతి సంవత్సరాల దూరం. భూమి నిలబడి అదే తిరుగుతోందనుకుంటే, రోజుకు 13 కాంతి సంవత్సరాల పైచిలుకు పరుగెత్తాలి. మామ వేళ్ళమీద లెక్కేసి "కాంతికి పదమూడేండ్ల ప్రయాణం, ఒక్క రోజులోనా?" అన్నాడు. ఆ రాత్రి ఆయన వెనక్కి తగ్గింది ఇక్కడొక్కటే.

భూమి సూర్యుడి చుట్టూ తిరిగితే దగ్గరి చుక్కలు ఏడాది పొడుగునా కొంచెం అటూఇటూ జరగాలిగదా, జరగడం లేదే అని పదహారో శతాబ్దపు డెన్మార్క్ ఖగోళవేత్త టైకో బ్రాహీ పట్టుబట్టాడు. న్యాయమైన అభ్యంతరమే. జరుగుతున్నాయి గానీ, దుర్భిణి లేని ఆయన కొలతలకు అందనంత తక్కువ. 1838లో జర్మన్ ఖగోళవేత్త బెసెల్ 61 సిగ్ని అనే చుక్క విషయంలో ఆ జరుగుడును కొలిచి చూపించాడు.

"సరేలే, తిథి లెక్కకు మాత్రం భూమిని కదిలించను" అన్నాడు మామ, రగ్గు మడుస్తూ. కదిలించాల్సిన పనీ లేదు. తిథి అంటే ఇక్కణ్ణుంచి చూస్తే చంద్రుడు సూర్యుడికి ఎంత ఎడంగా ఉన్నాడనే లెక్కే.

ఎవరైనా వెళ్ళాలనుకుంటే దక్షిణం పక్క కొండ అడ్డం లేని చోటు చూసుకోండి. త్రిశంకు ఇక్కడ ఇరవై డిగ్రీల ఎత్తుకు మించి లేవదు.